ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు పదో తరగతి

శింగనమల చెరువు కింద బావుల మీద ఆయిల్ ఇంజన్లు మోగినంత కాలం నాకు లోటు లేదు. ఇరవై ఎనిమిదేళ్లు వాటినే విప్పి బిగించాను. తర్వాత ప్రభుత్వం రైతులకు సబ్సిడీ మీద సోలార్ మోటార్లు ఇచ్చింది. డీజిల్ ఖర్చు తప్పిందని వాళ్లు సంబరపడ్డారు, న్యాయమే. నాకు మాత్రం నోటికాడి కూడు లాగేసినట్టయింది. ఆ ఏడాది నేను ఎవరితోనూ మంచిగా మాట్లాడిన గుర్తు లేదు.

అలాంటప్పుడు, డీజిల్ పని పోయిన మెకానిక్కులకు సోలార్ మోటార్ల రిపేరు ఉచితంగా నేర్పిస్తామని ఆ ప్రభుత్వమే ప్రకటించింది. మూడు వారాల శిక్షణ, చివర్లో పనిముట్ల పెట్టె, మండలంలో రిపేర్లు చేసేవాళ్ల జాబితాలో పేరు. ఆ జాబితాలో ఉన్నవాళ్లనే పిలవాలని రైతులకు చెప్పారు. అందులో పేరెక్కకపోతే నా షెడ్డు మూతపడినట్టే. అనంతపురం బస్సెక్కాను.

నేర్పే అమ్మాయిది బత్తలపల్లె. నా కూతురి వయసు. రెండో రోజే ఆమె ముందు పరువు పోగొట్టుకున్నాను. మోటారు స్విచ్చి ఆపి, ధీమాగా సోలార్ పలక వైరు లాగాను. షాక్ కొట్టి వెల్లకిలా పడ్డాను. ఇంజన్ ఆపితే ఇక అందులో ఏమీ ఉండదు, కావాలంటే దాని మీద కూర్చుని బీడీ కాల్చుకోవచ్చు. నా చేతులకు తెలిసిన శాస్త్రం అదే.

ఆమె పరిగెత్తుకొచ్చి, నాకేమీ కాలేదని తెలిశాకే తిట్టింది. "ఏమన్నా, ఇది గూడా ఇంజనే అనుకుంటివా? ఎండ పడేంతసేపూ కరెంటు పుడ్తానే ఉంటాది. ముందు పలక కప్పల్ల."

మర్నాడు ఇంటి నుంచి నల్ల కంబళి తీసుకెళ్లాను. అది పలక మీద కప్పందే మళ్లీ వైరు ముట్టుకోలేదు. మూడు వారాలయ్యేసరికి, చెడిన మోటారు చూపిస్తే అందరికంటే ముందు లోపం పట్టేది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

జాబితా అంటించారు. నా పేరు లేదు. పది పాసైనవాళ్లకే అన్నారు. నేను చదివింది ఏడు. ఆఫీసులో సారు మంచివాడే, కూర్చోబెట్టి మాట్లాడాడు. రూలు తన చేతిలో లేదని, పది పాసై వస్తే వచ్చే జాబితాలో ఎక్కిస్తానని అన్నాడు. శిక్షణకు పిలిచినప్పుడే ఈ ముక్క ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఆయన మళ్లీ ఆ రూలు కాగితమే చూపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి, ఇక ఉపాధి పనికి పోతానన్నాను. మా ఇంటిది రొట్టె తడుతూ తల కూడా ఎత్తలేదు.

"ఇన్నేండ్లు ఇంజన్లు ఇప్పి బిగిస్తివి. పుస్తకాలు ఇప్పేకి భయమా?"

భయమే. అయినా ఓపెన్ టెన్త్‌కు ఫీజు కట్టాను. ఏడాదంతా ఖాళీ షెడ్డులో కూర్చుని చదివాను. ఊళ్లోవాళ్లు నవ్వారు, నవ్వనీ అనుకున్నాను.

పరీక్ష రోజు గేటు దగ్గర కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్లోల్ని ఇడిసేకొచ్చినోళ్లు బయటే ఉండల్ల, పెద్దాయనా."

హాల్ టికెట్ తీసి చూపించాను. అతను ఫొటో చూశాడు, నన్ను చూశాడు.

"పిల్లోల్ని కాదప్పా," అన్నాను. "నన్ను నేనే ఇడిసేకి వచ్చినా."

గేటు తీశాడు. ఆ రోజు లెక్కలు. ఫలితాలింకా రాలేదు. తప్పితే మళ్లీ రాస్తాను.