తువ్వాల్లో చుట్టిన గుర్రం వీపు

శనివారం పొద్దున్న ఆరుంబావుకు మావారు నన్ను పర్చూరు బస్టాండులో దించి, "ఈ స్కూటరు మళ్ళీ ఎడం పక్కకు లాగుతోంది, ఇవాళ మెకానిక్‌కి చూపించాలి" అన్నారు. ఆ మాట పదహారేళ్ళుగా వింటున్నాను. ఆ బండికి ముందు చక్రం మార్చారు, ఫోర్కు మార్చారు, రెండుసార్లు మెకానిక్‌నే మార్చారు. మెకానిక్ ఎక్కి చూసినప్పుడు మాత్రం అది బుద్ధిగా తిన్నగా పోయేది. అందుకే ఆయన అనుమానమంతా మెకానిక్కుల మీదే.

నేను బయల్దేరింది తాడేపల్లికి, మా గుర్రానికి జీను కొనడానికి. ఇది రెండువేల మూడు నాటి మాట. మిరపకాయ కళ్ళాల్లో ఆరుతున్న రోజులు.

మా ఊరి హైస్కూల్లో నేను ఆటల టీచర్ని. డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో రెండేళ్ళు గుర్రం ఎక్కాను. ఆ పిచ్చి పెళ్ళయినా పోలేదు, పిల్లలు పుట్టినా పోలేదు. అంతకు రెండేళ్ళ ముందు చిలకలూరిపేట బ్యాండు మేళం కోటయ్యగారు గుర్రాన్ని అమ్మేస్తున్నారని తెలిసి పరిగెత్తుకుంటూ వెళ్ళాను. బెల్లం రంగు ఆడగుర్రం. ఓ పెళ్ళి ఊరేగింపులో జనరేటరు రిక్షా అడ్డం వస్తే అది పక్కకు తప్పుకోలేదు, పైనుంచి దూకింది. వీపు మీద పెళ్ళికొడుకున్నాడు. తలపాగా ఒకచోట దొరికింది, ఆయన ఒకచోట దొరికాడు. కోటయ్యగారికి ఆ గుర్రం మొహం చూస్తేనే చెమటలు పట్టేవి. నాకేమో అది దూకిందన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. బెల్లం అనే పేరు పెట్టుకున్నాను.

బెల్లం మిరపకాయల బస్తాల మీంచి, ఎడ్లబండి కాడి మీంచి, కట్టిన తాడు మీంచి నవ్వుతూ దూకేది. అలాంటిది, నెల నుంచి తాడు ముందుకొచ్చి ఆగిపోతోంది. జీను తెస్తుంటే చెవులు వెనక్కి వేస్తోంది. పశువుల డాక్టరు వచ్చి, "పుండు పడలేదుగానీ ఈ పాత జీను దీని వీపుకి సరిపోవట్లేదమ్మా, నొక్కేస్తోంది" అన్నారు. ఈ కబురు ఎలా చేరిందో కోటయ్యగారికి చేరింది. దూకడం మానేసిన గుర్రమంటే పెళ్ళిళ్ళకు బంగారం కదా! ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నారు. మావారు సరే అనేశారు. "దూకని గుర్రాన్ని మేపడానికి మనకేమైనా మిల్లులున్నాయా? ఆదివారం నాటికి దూకితే ఉంచుకో" అన్నారు. అంటే నాకు మిగిలింది ఒక్కరోజు.

తాడేపల్లిలో యోహానుగారని, పటాలంలో ముప్పయ్యేళ్ళు గుర్రపు జీనులు కుట్టి రిటైరైన పెద్దాయన ఉన్నారని డాక్టరుగారే చెప్పారు. ఎస్.టి.డి. బూత్ నుంచి మాట్లాడాను. "గుర్రాన్ని తేలేరు కాబట్టి గుర్రం వీపుని తీసుకురండి. మెత్తటి తీగ ఒకటి మూపు మీద అటూ ఇటూ వంచి, ఆ వంపు చెదరకుండా పట్రండి" అన్నారు. జిన్నింగు మిల్లులో పనిచేసే మా పక్కింటాయన్ని అడిగి తీగ తెప్పించాను. బెల్లం మూపు మీద వంచాను. అచ్చం సరిపోయింది. చెదరకుండా పెద్ద తువ్వాల్లో చుట్టి పసిపిల్లలా చంకనేసుకున్నాను.

ఆరున్నర బస్సు చిలకలూరిపేటకు ఏడుంబావుకు చేరింది. టికెట్టు తొమ్మిది రూపాయలు. బస్టాండు ఎదురుగా రెండిడ్లీ తిని, అల్లప్పచ్చడి ఘాటుకు కళ్ళు తుడుచుకుంటుండగా గుంటూరు బస్సొచ్చింది. ఆగీ ఆగకముందే జనం మీదపడ్డారు. తెలిసినవాళ్ళు తలుపు దగ్గర కుమ్ముకోరు. కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి, తర్వాత తీరిగ్గా ఎక్కుతారు. తువ్వాలు పడ్డ సీటు జోలికి ఎవరూ రారు. నేనూ ముప్పయ్యేళ్ళుగా అలాగే ఎక్కుతున్నాను. చెయ్యి దానంతటదే లేచింది. మూడో కిటికీలోంచి తువ్వాలు లోపల పడ్డాక, అందులో గుర్రం వీపుందని గుర్తొచ్చింది.

ఎక్కేసరికి పక్క సీటులో తెల్లచొక్కా పెద్దాయన తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీదేనా తల్లీ? జారి కిందపడబోతుంటే పట్టుకున్నా. తీగ వంకరపోయిందిలే. మోకాలికేసి తిన్నగా చేశా, చూడు" అంటూ సూదిలాంటి తీగ నా చేతిలో పెట్టాడు.

"అది మా గుర్రం వీపండీ" అన్నాను.

ఆ మాట బస్సంతా వినపడింది. సంగతి తెలిశాక పెద్దాయన ఎంత నొచ్చుకున్నాడంటే, యడ్లపాడులో దిగాల్సినవాడు దిగకుండా కూర్చున్నాడు. "ఎట్టా వంగాలో చెప్పు, నేను వంచుతా" అని తీగ లాక్కున్నాడు. ఆయన వంచింది చూసి వెనక సీట్లో పత్తి మూటతో కూర్చున్నావిడ, "అది గేదె వీపయ్యా, గుర్రానికి అంత వెడల్పుంటదా?" అంది. తీగ ఆవిడ చేతికి పోయింది. ముందు సీట్లో ఒకాయన తన తాతకు జట్కా ఉండేదని, గుర్రం వీపంటే ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని తీగ తీసుకున్నాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, "మధ్యలో కొంచెం పల్లం పెట్టండి" అని సలహా ఇచ్చాడు. నాలుగు లైన్ల రోడ్డు పనులు జరుగుతున్నాయేమో, గోతిలో పడ్డప్పుడల్లా గుర్రానికి కొత్త మూపురం పుట్టేది. గుంటూరు చేరేసరికి నా తీగ గేదె, గాడిద, కోడెదూడ అన్నీ అయి, చివరికి ఏ జంతువూ కాకుండా పోయింది.

దిగేముందు పెద్దాయన, "ఏమనుకోమాక తల్లీ. వంకర కనిపిస్తే మా చెయ్యి ఊరుకోదు" అన్నాడు. ఆయన్ని కోప్పడటానికి నాకు మనసొప్పలేదు. విసిరింది నేనే కదా.

గుంటూరులో దిగేసరికి తొమ్మిదిన్నర. యార్డుకు పోయే మిరపకాయ లారీలు వరసకట్టి ఉన్నాయి. స్టేషను దాకా ఆటోలో నేనూ డ్రైవరూ పోటీపడి తుమ్ముకుంటూ వెళ్ళాం. పదింటికి విజయవాడ ప్యాసింజరు. తాడేపల్లికి దిగాల్సిన కృష్ణా కెనాల్ జంక్షనుకు ఏడు రూపాయలు. వెనక్కి వెళ్ళిపోదామా అనుకున్నాను. మళ్ళీ పోయి కొలత తెచ్చేసరికి ఆదివారం కూడా అయిపోతుంది. ఎరుపూ పసుపూ కలిపిన ఊరేగింపు ముఖమల్ కప్పుకుని, చెవుల పక్కన డప్పులు మోగుతుంటే నిలబడ్డ బెల్లం కళ్ళముందు కనిపించింది. ఎక్కేశాను.

పదకొండుంబావుకు యోహానుగారి రేకుల షెడ్డు దొరికింది. లోపల చెక్క పీపాల మీద దూకే గుర్రాలకు వేసే జీనులు రెండున్నాయి, ఒకటి గోధుమరంగు, ఒకటి నలుపు. నేను జరిగింది చెప్పేలోపే ఆయన తీగ చూశారు.

"ఇది గుర్రమా, ఒంటా?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నవ్వి, మళ్ళీ పెట్టుకుని నవ్వారు. "తీగ వంచంగానే కాయితం మీద పెట్టి గీసుకోకపోయారా?" అన్నారు. ఆ ముక్క నాకప్పటిదాకా తట్టలేదు. మీరెవరైనా ఇలాంటి పనిమీద వెళ్తే ముందు కాగితం మీద గీసుకోండి.

"గుర్రాన్ని రోజూ తోమేదెవరు?" అని అడిగారు.

"నేనేనండీ. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."

ఆయన గంప నిండా తడి ఇసుక తెచ్చి బల్ల మీద పోశారు. "కళ్ళు మూసుకుని మీ గుర్రం వీపు చెయ్యండి."

సిగ్గేసింది. నలభయ్యేళ్ళ టీచర్ని, ఇసుకలో ఆడుకోమంటే ఎలా? అయినా కళ్ళు మూసుకున్నాను. పొద్దున్నే బెల్లాన్ని తోముతున్నట్టు అనుకున్నాను. మెడ దిగిన చోటు, మూపు, దాని వెనక మెత్తటి పల్లం. చేతులకు తోచినట్టు ఇసుక తట్టాను. కళ్ళు తెరిచేసరికి యోహానుగారు బల్ల మీదికి వంగి ఉన్నారు.

"ఎడం పక్క మూపు వెనక ఈ గుంటేందమ్మా?"

"ఏమో అండీ. చెయ్యి అలా పోయింది."

"అయితే ఉన్నట్టే. మీరా పీపా మీదెక్కండి."

గోధుమరంగు జీను ఎక్కాను. ఏం చెప్పను, సోఫాలా ఉంది. అక్కడే కాపురం పెట్టాలనిపించింది. ఆయన నా వెనక నిలబడి, దారానికి ఇనప నట్టు కట్టి వేలాడదీసి, నా నడుంతో పోల్చి చూశారు.

"రెండు వేళ్ళు ఎడం పక్కకు ఒరిగారు. కాలేమన్నా విరిగిందా?"

"లేదండీ."

"బరువులు మోస్తారా?"

"లేదు."

"దేని మీద తిరుగుతారు రోజూ?"

"మావారి స్కూటరు వెనక."

"ఎట్టా కూర్చుంటారు?"

"ఎట్టా అంటే… ఆడవాళ్ళు కూర్చున్నట్టే. రెండు కాళ్ళూ ఎడం పక్కకేసి."

ఆయన దారం చుట్టి జేబులో పెట్టుకున్నారు.

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. పాత జీను నొక్కిన మాట నిజమే. దాని మీద నా ఒరుగు కూడా పడింది. నెల రోజులుగా తాడు ముందు ఆగిన ప్రతిసారీ మొండిదానా అని తిట్టాను. డెబ్భై కిలోల మనిషి ఒకే పక్కకు ఒరిగి దూకమంటే అది మాత్రం ఎలా దూకుతుంది? దానికి తెలిసిన ఒకేఒక్క పద్ధతిలో వద్దని చెప్పింది, అంతే.

యోహానుగారు గోధుమరంగు జీను ఇసుక మీద పెట్టారు. ముందూ వెనకా ఆని, నడుమ కృష్ణ మీద వంతెనలా నిలబడింది. కింద నుంచి చెయ్యి దూర్చి చూపించారు. నలుపుది పెట్టారు. కప్పేసినట్టు ఒదిగింది. దాన్ని పీపా మీదకు మార్చి నన్నెక్కించారు. మోకాలి దిండు సరిగ్గా మోకాలి కిందికే వచ్చింది. కూర్చునే చోటు మాత్రం గట్టిగా ఉంది.

"నాకు ఇరుకండీ" అన్నాను.

"అరంగుళమే. మీకు ఇరుకైతే రాత్రిపూట అన్నం తగ్గించుకుంటారు. దానికి ఇరుకైతే అదేం తగ్గించుకుంటది?"

గోధుమరంగు జీను వైపు ఒకసారి చూసి నలుపుదే తీసుకున్నాను. ఆరున్నర వేలు, కాళ్ళు పెట్టుకునే రికాబులతో కలిపి. ఎడం పక్క గుంట ఉంది కాబట్టి అటు కొంచెం ఉన్ని ఎక్కువ కూరమన్నాను. ఆయన ససేమిరా అన్నారు. "అట్టా చేస్తే మీ వంకర జీనుకొస్తది. మీరు తిన్నగా కూర్చోండి, గుంట అదే పూడుద్ది. స్కూటరు మీద కూడా అటో కాలు ఇటో కాలు వెయ్యండి, ఇయ్యాల్టి నించే."

పక్క హోటల్లో పన్నెండు రూపాయల భోజనం చేశాను. రెండో వాయి అన్నం వద్దన్నాను. రెండున్నర ప్యాసింజరుకు గుంటూరు, అక్కణ్ణించి నాలుగింటి బస్సు. జీను ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు అటూ ఇటూ తిరిగి చూసి, "గుర్రముంటే టికెట్టు కొడతాగానీ, జీనుకేం కొట్టను?" అని వదిలేశాడు. పేటలో పర్చూరు బస్సుకు జనం మళ్ళీ విరుచుకుపడ్డారు. ఈసారి ఒట్టి తువ్వాలే వేశాను.

ఆరున్నరకు మావారు స్కూటరుతో ఎదురుచూస్తున్నారు. జీను ముందు పెట్టించి, చుడీదార్లో ఉన్నాను కాబట్టి, బస్టాండంతా చూస్తుండగా అటో కాలు ఇటో కాలు వేసి ఎక్కాను. సోడా బండి దగ్గర మా స్కూలు పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆయన బండి కదిలించారు. కాలువ వంతెన వచ్చింది.

"మెకానిక్‌కి చూపించారా?" అన్నాను.

"తీరిక లేకపోయింది. కానీ…" అని హ్యాండిలు మీద చేతులు వదులు చేసి చూశారు. "తిన్నగా పోతోందే!"

అప్పుడు చెప్పాను. ఆయన బండి నెమ్మది చేశారు. "పదహారేళ్ళు" అన్నారు. "ఇద్దరు మెకానిక్కులతో దెబ్బలాడాను."

"బండి నయం, మీరు తిట్టినా వినబడదు. నేను నోరులేనిదాన్ని తిట్టాను" అన్నాను.

ఊళ్ళు చాలా తిరిగాను కానీ, నన్ను నేను వెనకనుంచి చూసుకోవడానికి చేసిన ప్రయాణం ఇదొక్కటే. తాడేపల్లి దాకా పోతేగాని ఆ సంగతి తెలియలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి కోటయ్యగారు మోపెడ్ మీద, కొత్త పలుపుతాడుతో వచ్చారు. అప్పటికే బెల్లం మీద నల్ల జీను వేసి ఉన్నాను. చెవులు వెనక్కి వెయ్యలేదది, జీనుని వాసన చూసి ఊరుకుంది. కళ్ళంలో రెండు మిరపకాయ బస్తాల మధ్య తాడు కట్టించాను. ఎక్కి, నడుం నిలబెట్టి, కుడి రికాబు మీద కూడా ఒక కాలుందని నాకు నేను గుర్తుచేసుకుంటూ వదిలాను. తాడు దగ్గరికొచ్చింది. దాని అడుగులు ఒక్కసారి తడబడ్డాయి. నేను ఒరగలేదు. అది తాడు దూకింది, అవతల ఉన్న ఇంకో బస్తా కూడా దూకింది. దూకమన్నది తాడొక్కటే, బస్తా దాని సొంత సంతోషం. మెడ మీద వాలిపోయి ఏడ్చేశాను.

తలెత్తి చూసేసరికి కోటయ్యగారు పలుపు చుట్టేసి మోపెడ్ తిప్పుకుంటున్నారు.

"కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అన్నారు మావారు.

"వద్దండి. పెళ్ళికొడుకు కళ్ళముందు కనిపించాడు" అని ఆయన వెళ్ళిపోయారు.