వదిన ఇంటి బొమ్మ ఆపబోయి

“చారులో ఉప్పెక్కువైందే.”

“అయితే మీ అక్క ఇంటికి పోయి తిను.”

నేనూ మా ఆయనా చివరిసారి అనుకున్న మాటలు ఇవే. నవ్వుకుంటూ బండెక్కి మూలకుళంలో ఎవరి డాబా మీదో వైఫై పెట్టె బిగించడానికి పోయాడు, అక్కడే గుండె ఆగిపోయింది. ఆయన అక్క, అంటే మా వదిన, ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని నేను చెప్పేది రాస్తోంది. నాకు సంతకం దాటి అక్షరాలు రావు. (రాయి వదినా, ఇంకా నీ సంగతి రాలేదు.)

ఆయన ఈ పెట్టెల పని మొదలుపెట్టిన రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు, కొత్త కోడలిని, ఒళ్ళంతా రోషమే. ముదలియార్‌పేటలో మా వీధికంతా కలిపి ఒక్కటే మంచి నెట్ లైను, అదీ వీధి మొదటింట్లో. అందరూ ఒకేసారి వీడియో పెడితే బొమ్మ ఆగిపోయి చక్రం ఒకటి గిరగిర తిరుగుతూ కూర్చునేది. అందుకని మా ఆయన ప్రతి డాబా మీదా ఒక పెట్టె బిగించాడు. ఒక ఇంటికి చేరిన వీడియో ముక్కను ఆ ఇల్లు పక్కింటికి గాలిలోనే అందించాలి, తన దగ్గర లేని ముక్కను పక్కింటి నుంచి తీసుకోవాలి. అందరూ లైను మీద పడనక్కర్లేదు. నాకు అర్థమైంది ఒకటే: కుళాయి నుంచి వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు. మధ్యలో ఒకతె చేతులు దించితే చివరావిడకు నీళ్ళు లేవు. ఆ వరసలో చివరిల్లు వదినది, దానికి ముందుది మాది.

ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, మారియమ్మ తేరు లాగే రోజున ఆ పెట్టెలకు పరీక్ష. రెడ్డియార్‌పాళయం నుంచి లాడ్జీల యజమాని, ముదలాళి ఒకాయన వచ్చి మా ముందుగదిలో కూర్చున్నాడు. వీధిలో అన్ని ఇళ్ళ టీవీల్లోనూ తేరు ఆగకుండా కనిపిస్తే తన లాడ్జీలన్నిటికీ పెట్టెలు పెట్టే పని మా ఆయనకు. లేకపోతే మళ్ళీ మేనమామ కొట్లో పంక్చర్లు వేసుకోవడమే. అది నాకూ తెలుసు. కానీ ఆ పొద్దున వదిన వీధిలో ఆడవాళ్ళందరి ముందూ, “ఆ పెట్టె జోలికి పోబాకు తల్లీ, సదువు రానిదానివి, దాని సంగతి నీకేంది తెలుసు” అంది. (అన్నావు. తల అడ్డంగా ఊపకు.)

తేరు కదిలింది. నేను కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి పోయి, డాబా మీది పెట్టెకు కరెంటు పోయే గోడ ప్లగ్గు పీకేశాను. ఒక్క నిమిషం వదిన టీవీ ఆగితే చాలు, మళ్ళీ పెట్టేద్దామని. మా ఇంటికి వచ్చేసిన బొమ్మను ఎవరు వెనక్కి తీసుకుంటారు అనుకున్నాను.

ముందుగదిలోంచి అత్త గొంతు వినిపించింది. “ఏందిరా, అమ్మవారు యాడ పోయింది?”

తొంగి చూస్తే నల్లబడిన టీవీలో ముదలాళి మొహం కనిపిస్తోంది. మా ఆయన మొహంలో నెత్తురు లేదు. అంతలో వదిన వీధిలోంచే అరుస్తూ వచ్చింది. “తమ్ముడూ, మా ఇంట్లో తేరు బ్రహ్మాండంగా వస్తాండాది, చూద్దురు రండి.”

ఆ పెట్టెలది బిందెల వరస కాదట; ఒకచోట దారి మూసుకుంటే ఎదురింటి డాబా మీదుగా ఇంకో దారి వెతుక్కుంటాయట. వీధి మొత్తం మీద బొమ్మ ఆగింది మా ఇంట్లోనే.

మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి నా చేతిలో ప్లగ్గును చూశాడు, నన్ను చూశాడు. వెనక్కి తిరిగి, “నేనే తీయమన్నా సార్. నడుమ ఒక ఇల్లు పడిపోయినా వీధి ఆగదని మీకు చూపిద్దామని,” అన్నాడు.

ముదలాళి వదిన ఇంటికి పోయి కళ్ళారా చూసి వచ్చాడు. “సెరి, సోమవారం రా పా. ఔనూ, సరిగ్గా టైముకు తీసింది ఎవరు?”

“నా పెళ్ళాం సార్. ఆమెకు అన్నీ తెలుసు.”

ఆ రోజు నుంచి వీధిలో ఎవరి పెట్టె మొరాయించినా నన్నే పిలిచేవాళ్ళు, అందరికంటే ముందు వదిన. నేను గంభీరంగా పోయి ప్లగ్గు తీసి, కాసేపాగి పెట్టి వచ్చేదాన్ని. సగం సార్లు బాగయ్యేది కూడా.

ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ ప్లగ్గు పట్టుకుని నిలబడ్డ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నెత్తిన ఒకటి మొట్టాలనీ అనిపిస్తుంది, పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వాలనీ అనిపిస్తుంది. ఇన్నేళ్ళూ నన్ను తెలివైనదనుకున్న మనిషి చేతే ఈ మాట రాయిస్తున్నాను.

“దొంగమొహమా,” అంటోంది వదిన, పెన్ను పక్కన పెట్టి.

తిట్టడం తర్వాత వదినా. ఆయన ముదలాళితో అన్న మాట ఉంది చూడు, అక్కడి నుంచి ఒకసారి చదివి వినిపించు.