పన్నెండు నిమిషాల నీళ్ళు

ప్రతి ఉదయం ఇల్లు దాటే ముందు ఆయన గుమ్మం పక్కన వంగి, అరచేయి నేలకు ఆనించి, "తండ్రీ, ఈ పూట కూడా అందరికీ అందేట్టు చూడు" అని లోలోపలే అనుకునేవాడు. మోకాళ్ళు పట్టేసిన రోజుల్లో కూడా వంగడం మానలేదు. లేవడానికి మాత్రం ఇల్లాలి భుజం కావలసి వచ్చేది. దేవుడికి చెవులు నేలలో ఉన్నాయా ఏం, నిలబడి చెప్పుకోరాదా అని ఆవిడ దెప్పడం, నీళ్ళొచ్చేది నేలలోంచే కదే అని ఆయన అనడం ముప్పై ఏళ్ళుగా నడుస్తున్నదే.

ఆయనది పురపాలక సంఘంలో నీళ్ళు వదిలే ఉద్యోగం. ఛాతీ ఎత్తున్న ఇనుప తాళంచెవిని భుజాన వేసుకుని వెళ్ళి, మలుపులో ఉన్న గుంటలోకి దించి వాల్వు తిప్పేవాడు. అందుకే చిన్నా పెద్దా అందరికీ 'తాళం మామ' అయ్యాడు. గుంటకు ఎగువన పై వీధి, దిగువన కింది వీధి. రెండింటికీ పెద్ద గొట్టం ఒకటే, వాల్వులు రెండు. ఒకటి మూస్తే గానీ రెండో వీధికి నీళ్ళెక్కవు.

పై వీధి మేస్త్రీ చేతిలో ఉండేది, కింది వీధి డ్రైవరు చేతిలో. ఒకడు ఎప్పుడో గోడలు కట్టినవాడు, ఇంకొకడు లారీ తోలినవాడు. ఆ పనులు మాని ఇద్దరూ మనుషుల్ని వెంటేసుకుని, దుకాణాలవాళ్ళను బెదిరిస్తూ బతకడం మొదలుపెట్టి చాలా కాలమైంది. నాలుగేళ్ళలో రెండు వైపులా కలిపి పదకొండు మంది పోయారు. ఆ పదకొండు ఇళ్ళకూ తాళం మామ వెళ్ళి కాసేపు అరుగు మీద కూర్చుని వచ్చాడు.

అప్పటి మంత్రిగారు చూసి చూసి, రిటైరైన ఒక హెడ్మాస్టరును మధ్యకు పంపించారు. హెడ్మాస్టరు పై వీధిలో ఒక పూట, కింది వీధిలో ఒక పూట కూర్చుని, నెల రోజులు చెప్పులరిగేట్టు తిరిగి ఇద్దరినీ ఒక మాట మీదకు తెచ్చాడు. జైల్లో ఉన్న రెండు వైపులవాళ్ళనూ దూరపు జైలు నుంచి ఊరి జైలుకు మారుస్తారు, తల్లులూ పెళ్ళాలూ వెళ్ళి చూసి రావచ్చు. పోలీసులు ఇళ్ళ మీద పడరు. నీళ్ళు చెరొక గంట, నిమిషం తేడా ఉండదు. బదులుగా కత్తులు లోపల పెట్టాలి. చంపినట్టు ఊరంతటికీ తెలిసిన ముగ్గురు మాత్రం రెండేళ్ళపాటు ఊళ్ళో అడుగు పెట్టకూడదు. పెడితే రాజీ చెల్లదు. దీనికి కాగితమూ లేదు, సంతకమూ లేదు. అడిగితే అలాంటిదేమీ లేదనేది సర్కారు.

కాగితం లేని రాజీకి జనం వాల్వునే కొలతగా పెట్టుకున్నారు. నీళ్ళు వేళకు మారితే మాట నిలబడినట్టే. గుంటకు అటొకడూ ఇటొకడూ గడియారాలతో కాపలా కూర్చునేవారు. మొదట్లో ఒకడి వైపు ఒకడు వీపు పెట్టి కూర్చున్నారు. ఒకరోజు కింది వీధివాడికి దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, పై వీధివాడు తన ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి పక్కన పెట్టాడు. వానాకాలం వచ్చేసరికి ఇద్దరూ ఒకే గొడుగు కింద ఉన్నారు. ఆ గొడుగును చూసినప్పుడల్లా తాళం మామ దేవుడికి దండం పెట్టుకునేవాడు. ఏడాది దాటినా ఒక్క శవం లేవలేదు.

అలాంటి ఒక మంగళవారం, పై వీధి గంట అయిపోవస్తుండగా, ఆ వీధిలో పురుళ్ళు పోసే ముసలావిడ ఖాళీ బిందెతో వచ్చింది. నీళ్ళు చాలడం లేదని కాపలావాళ్ళకు వినబడేట్టు కాసేపు గట్టిగా అరిచి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అన్నా, ఆఖరింటి కోడలు నొప్పులు పడుతోంది. ఇంట్లో చుక్క లేదు. ఇప్పుడే కుళాయి సన్నగా మొదలైంది. ఆపావంటే తల్లీబిడ్డా ఏమవుతారో నాకు తెలీదు."

గొట్టం చివరి ఇంటికి నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా చేరతాయని ఆయనకు తెలియనిది కాదు. ఆయన మరేమీ ఆలోచించలేదు. తాళంచెవిని గుంటలోకి దించి, తిప్పుతున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"మామా, టైమైంది," అన్నాడు కింది వీధి కాపలావాడు.

"బిగుసుకుపోయిందిరా. కదలడం లేదు."

ఆయన నోటి వెంట అబద్ధం రావడం అరుదు. వచ్చిన ఆ ఒక్కటీ అతకలేదు. సోమవారం సాయంత్రాలు వాల్వులకు గ్రీజు పెట్టడం ఆయన పద్ధతి. నిన్నటి సాయంత్రం గ్రీజు డబ్బా పట్టుకుని నిలబడింది ఈ కాపలావాడే. వెన్నలా తిరుగుతోంది మామా అని మెచ్చుకున్నది కూడా వాడే. వాడు ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. పన్నెండు నిమిషాల తర్వాత వాల్వు తిరిగింది. ఎగువన ఎక్కడో పసిబిడ్డ ఏడుపు విని, ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

దారిలో నడుస్తుంటే అప్పుడు తట్టింది ఆయనకు. ఆఖరింటి కోడలి మొగుడు, ఊళ్ళో అడుగు పెట్టకూడని ముగ్గురిలో ఒకడు. వాడు వెళ్ళి పదిహేను నెలలైంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టగలిగిన ఎవడికైనా, వాడు చాటుగా ఇంటికి వచ్చి వెళ్ళాడని తెలిసిపోతుంది. కింది వీధివాళ్ళకు గానీ పోలీసులకు గానీ వాడు దొరకడు. దొరికేది ఆ పిల్లా, ఆ పసిగుడ్డూ.

కింది వీధి కాపలావాడు రెండు రోజులు నోరు మూసుకునే ఉన్నాడు. మూడో రోజు డ్రైవరే పిలిచి అడిగితే చెప్పక తప్పలేదు. బిగుసుకోని వాల్వు బిగుసుకుందన్నాడంటే, సర్కారు మనల్ని మేస్త్రీకి అమ్మేసిందన్నమాట అనుకున్నారు కింది వీధివాళ్ళు. ఆ వారమే గొడుగు కింద ఒకడే మిగిలాడు. తర్వాత రాళ్ళు, ఆ తర్వాత కత్తులు. నలుగురు పోయారు. గొడుగు పంచుకున్న పై వీధివాడు వాళ్ళలో ఒకడు.

శాసనసభలో అరుపులు లేచాయి. హంతకులకు గంటలు లెక్కగట్టి నీళ్ళు పోసిన ప్రభుత్వం అని ప్రతిపక్షం అంది. రాజీయే లేదని మంత్రిగారు అన్నారు. హెడ్మాస్టరును ఎవరూ ఎరగనట్టే మాట్లాడారు. ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు విచారణ సంఘం వేసి, ఇళ్ళ మీదకు మళ్ళీ పోలీసుల్ని పంపారు. తాళం మామను పక్కన పెట్టి, వేరే మనిషికి తాళంచెవి ఇచ్చారు.

ఆయన ఇంటికి రెండు పార్టీలవాళ్ళూ వచ్చారు. నీళ్ళు ఎక్కువ వదలమని మంత్రి చెప్పించాడని అను చాలు, నీ ఉద్యోగం నీకు వస్తుందన్నారు కొత్తవాళ్ళు. రాజీ చెడగొట్టడానికి కొత్తవాళ్ళ మనుషులే నిన్ను బెదిరించారని చెప్పమన్నారు పాతవాళ్ళు. ఇద్దరికీ ఆయన కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, ఆలోచిస్తానన్నాడు. పై వీధిలో ఆఖరింటి బిడ్డ సంగతి తెలియనివాళ్ళు లేరు. అయినా ఎవరడిగినా చుట్టాల పసివాడని ఇంటింటా ఒకే మాట చెబుతున్నారు. అంతమంది కాస్తున్న మాట తన నోట జారకూడదు.

భార్యకు కూడా చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ మెత్తటి పాత నూలు బట్టలు చతురస్రాలుగా చింపుతూ కనిపించింది.

"ఎవరికే అవి?"

"పై వీధి చివరికి. నెలల పిల్లాడికి ఎన్ని గుడ్డలైనా చాలవు." ఆవిడ తలెత్తలేదు. "మీరు నిద్రలో గొణుగుతారు. ముప్పై ఏళ్ళుగా ఇది నేను ఎవరికైనా చెప్పానా?"

ఆయన పక్కన కూర్చుని తనూ ఒక గుడ్డ చింపడం మొదలుపెట్టాడు. రెండో గుడ్డ చింపుతూ, ఆ నలుగురూ నా మూలంగానే పోయారేమో అన్నాడు. దేవుడు మీకన్నా బాగా లెక్క చూస్తాడులెండి అంది ఆవిడ.

విచారణ గదిలో ఫ్యాన్లు చప్పుడు చేస్తూ తిరుగుతున్నాయి. విచారణ సంఘం పెద్ద, రిటైరైన జడ్జిగారు, కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని వింటున్నారు. ఒక పక్క పాతవాళ్ళ వకీలు, ఇంకో పక్క కొత్తవాళ్ళ వకీలు, గోడ వెంబడి విలేకరులు. ఆ గదిలో పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి ఊరంతా తిరిగేది. వకీళ్ళిద్దరూ మార్చి మార్చి అడిగారు. ఎవరూ చెప్పలేదు, తప్పు నాదే అని ఆయన ఎన్నోసారో అన్నాడు. మరి అబద్ధమెందుకు ఆడావంటే, ఆ తప్పూ నాదే అన్నాడు.

భోజనానికి అందరూ లేచాక, జడ్జిగారు ఆయన్ని ఉండమన్నారు. టైపు చేసే అమ్మాయి కుర్చీ వెనక్కి జరిపి, తన సీసాలో నీళ్ళు గ్లాసులోకి పోసి ఆయన చేతికిచ్చి బయటికి వెళ్ళింది.

"చూడు పెద్దాయనా," అన్నారు జడ్జిగారు మెల్లగా. "కారణం ఖాళీగా వదిలితే, ఎవరో నీచేత చేయించారనే నేను రాయాలి. అప్పుడు పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతారు. చెప్పడానికి నీ దగ్గర ఏదో ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది."

తాళం మామ గ్లాసును బల్ల మీద పెట్టాడు. ఈ వీధుల్లో జనం గడియారాలను కూడా తన్ను చూసి సరిచేసుకునేవారు. ఆ పేరొక్కటే ఆయన కూడబెట్టుకున్నది. రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా, నన్ను ఏమీ అడక్కుండా ఒక్క సాయం చేసి పెట్టండి. ముసలితనంతో వీడికి మతి తప్పింది, టైము తెలియడం లేదు, భయపడి అబద్ధమాడాడు అని రాయండి. ఎక్కడ కావాలంటే అక్కడ వేలిముద్ర వేస్తాను. కారణం రాసే చోట నన్ను పెట్టండి అయ్యా. ఇంకెవర్నీ పెట్టకండి."