పాత ట్రంపెట్‌లో ఒక స్వరం

1999 వేసవిలో మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ మేనేజరుగా చేరాను. చుట్టుపక్కల ఇంకా బండరాళ్లు పేలుస్తున్న రోజులు. నాకు అప్పగించిన మొదటి పని పాశ్చాత్య వాద్యాల మీద ఒక సీడీ. అందులో ఒక పేజీ ట్రంపెట్‌ది. మూడు వందల ఏళ్ల నాటి బరోక్ సంగీతంలోని ఒకే ముక్క ఒక బటన్ నొక్కితే పాతకాలపు ట్రంపెట్‌లో, ఇంకోటి నొక్కితే నేటి ట్రంపెట్‌లో వినబడాలి.

నేటి ట్రంపెట్‌కు మూడు మీటలుంటాయి. పాతదానికి మీటల్లేవు, దాదాపు రెట్టింపు పొడవున్న ఉత్త గొట్టం. స్వరాలన్నీ పెదవులతోనే తేవాలి. వాటిలో ఒకటి పుట్టుకతోనే అటూ ఇటూ కాకుండా పలుకుతుంది. వాయించేవారే దాన్ని వంచి దారికి తెచ్చుకోవాలి.

రెండూ వాయించింది యాదగిరి గారు. పోలీసు బ్యాండులో బ్యూగిల్‌తో మొదలుపెట్టి, ట్రంపెట్ వాద్యకారుడిగా రిటైరై బోరబండలో ఉండేవారు. బ్యూగిల్‌కూ మీటలుండవు కనుక, క్లయింటు పంపిన పాతకాలపు ట్రంపెట్ నమూనా ఆయనకు తొందరగానే లొంగింది. రికార్డింగ్ అయ్యాక ముందరి పళ్లు తీయించుకున్నారు. కట్టుడు పళ్లతో పెదవులకు ఆ పట్టు రాదు. అంటే ఆయన ట్రంపెట్ ఊదడం అదే ఆఖరు.

మా పద్ధతిలో టెస్టరు లోపాన్ని నమోదు చేస్తే, సంబంధిత ఉద్యోగి సరిచేస్తాడు, టెస్టరు మళ్లీ చూసి దాన్ని మూసేస్తారు. మా టెస్టరు, కర్నూలు అమ్మాయి లావణ్యవి పాము చెవులు. పాత ట్రంపెట్‌లో ఒక స్వరం తప్పిందని రాసింది. సౌండ్ ఎడిటర్ కంప్యూటర్‌లో దాన్ని చదును చేశాడు. లావణ్య విని మూసేసింది. రూలు ప్రకారం అంతా సవ్యమే.

విడుదలకు ముందు యాదగిరి గారిని వినడానికి పిలిచాం. భార్య సత్తెమ్మ గారిని వెంటబెట్టుకొచ్చారు. బటన్ నొక్కాను. ఆయన మర్యాదగా తలూపారు. ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

"గిది ఈయన ఊదింది కాదు సార్. ఈయన ఊదితే ఈడ జర మీదికి లేసి మెల్లగ కిందికొస్తది. ఇంట్ల పొద్దంత గదే ఊదిండు, నా చెవులు చిల్లులు పడ్డయి."

"పోనీ తియ్యి, గిట్లనే మంచిగుంది," అన్నారాయన. "మల్ల ఊదమంటే ఇగ నాతోని కాదు."

ఆ స్వరాన్ని ఆయన ఊదినట్టే తిరిగి పెడదామన్నాను.

ప్రాజెక్టు మేనేజరు ఒప్పుకోలేదు. మూసిన లోపాన్ని తిరిగి తెరిస్తే సీడీ అంతా మళ్లీ పరీక్షించాలి, విడుదల జాప్యమవుతుంది. ఆ తేడా ఎవరికి తెలుస్తుందండీ అన్నాడు. "ఆమెకు తెలిసింది కద సార్," అంది లావణ్య. మళ్లీ టెస్టింగంతా తనే చేస్తానంది. దాంతో మేనేజరు సరేనన్నాడు.

బీరువాలోంచి అసలు టేపు తీయించి ఆ దంపతులకు వినిపించాను. ఆ స్వరం దగ్గర యాదగిరి గారి పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. సత్తెమ్మ గారు ఆయన చేతి మీద చెయ్యి వేసి, "ఆఁ, గిదీ," అన్నారు.

సీడీ ఆలస్యంగా, ఆయన వాయించినట్టుగానే వెళ్లింది. చదును చేసిన స్వరంతో రెండు బటన్లకూ తేడా తగ్గిపోయిందని, ఆ పేజీ పెట్టింది ఆ తేడా కోసమేనని మాకు అప్పుడుగానీ తట్టలేదు. ఆ తర్వాత మా విభాగంలో ఒక నియమం పెట్టాను. మనిషి చేసిన పనిలో ఏదైనా తేడాగా అనిపిస్తే, లోపమని రాసేముందు ఆ మనిషిని అడగాలి.