గొడుగుల కొట్టాయన మేడ మీదున్నాడు

వచ్చేస్తుంది మావయ్యకి ప్రపంచంలో ఒకే ఒక్క పిచ్చి. జపాను భాషలో ఉన్న ఒక బొమ్మల కథ ఇంగ్లీషులో వచ్చేస్తుందని నమ్మడం. ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే వచ్చే నెల. ఎవరు ఏమడిగినా జవాబు తిరిగి తిరిగి అక్కడికే చేరేది.

"ఒంట్లో ఎలా ఉంది మావయ్యా?"

"బాగానే ఉంది. వచ్చేస్తుంది."

"వాన పట్టేలా ఉందే!"

"వాన సంగతి చెప్పలేను గానీ, అది మాత్రం వచ్చేస్తుంది."

నిజానికి ఆయన తన అక్కగారి కూతురికి మాత్రమే మావయ్య. ఈ నమ్మకం పుణ్యమా అని వీధి వీధంతటికీ మావయ్య అయి కూర్చున్నాడు. ఆయన పనిచేసే పళ్ళ ఆసుపత్రిలో డాక్టరమ్మ సైతం, "వచ్చేస్తుంది మావయ్యా, పై వరస పళ్ళు అయ్యాయా?" అనే అడిగేది. ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని, చేతులకి సుద్దపొడి, ముక్కు మీద గులాబీ రంగు మైనం, ఒక్కొక్క పన్నూ వరసలో గుచ్చుతూ ఉండేవాడు. చెప్పిన రోజుకి చెప్పినట్టు పళ్ళు ఇచ్చేవాడు. రావలసింది రాకపోతే మనిషికి ఎలా ఉంటుందో తన కంటే ఎవరికి తెలుసు అనేవాడు.

బొమ్మల కథలు వేసే ఇంగ్లీషు ప్రచురణకర్తలు అప్పుడప్పుడూ "మీకు ఏ కథ కావాలి?" అని పాఠకుల్ని అడుగుతుంటారు. అలా అడిగిన వారం ఆసుపత్రికి వచ్చిన రోగుల పని అయిపోయినట్టే. పళ్ళ అచ్చు తీయడానికి డాక్టరమ్మ వాళ్ళ నోటినిండా ముద్ద పెట్టి అటు తిరగ్గానే, మావయ్య ఇటునుంచి ఓటు వేయించడానికి ఫోను పట్టుకుని ప్రత్యక్షమయ్యేవాడు.

"అయ్యా, గొడుగుల కథ ఇంగ్లీషులో రావాలంటారా, వద్దంటారా?"

"ఊఁ... ఊఁ..."

"ఈయన కూడా రావాలంటున్నారు డాక్టరమ్మా!"

"ఊపిరాడటం లేదంటున్నాడయ్యా ఆయన!"

మేనకోడలికి ఈ బాధ ఇంకో రకం. ఆవిడ పుస్తకాల షాపులో కౌంటరు చూసేది కాబట్టి, ప్రచురణకర్తలందరూ ఆవిడ చెప్పుచేతల్లో ఉంటారని మావయ్య గట్టి నమ్మకం. సాయంత్రమయ్యేసరికి దిగేవాడు. ఆ షాపుకి కొమ్ములు మొలిచిన కుర్రాళ్ళ కథలు, మనిషంత కత్తుల కథలు అట్టపెట్టెల కొద్దీ వచ్చేవి. వాటిని చూస్తే మావయ్యకి ఒళ్ళు మండేది. ఒకసారి సెలవురోజు, షాపు నిండా తల్లులూ పిల్లలూ ఉండగా మధ్యలో నిలబడి అరిచాడు.

"ఈ పిల్లలవి కాదే అమ్మడూ! పెద్దవాళ్ళవి లేవా? పెద్దవాళ్ళ బొమ్మల పుస్తకాలు!"

తల్లులు గబగబా పిల్లల కళ్ళు మూశారు.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతా, మెల్లగా!"

"మెల్లగా ఎందుకే? నేనేం తప్పు మాటన్నాను? మోకాళ్ళ నొప్పులున్న మనుషుల కథ అడిగాను. కత్తి పట్టుకున్నవాడికే కథ ఉంటుందా? గొడుగు పట్టుకున్నవాడికి ఉండదా?"

ఆ మాట మాత్రం మేనకోడలికి నచ్చింది. నచ్చినట్టు కనపడితే ఇంకో గంట వినాల్సి వస్తుందని బిల్లు కొట్టడంలో మునిగిపోయింది.

ఇంకోసారి ఒగరుస్తూ వచ్చాడు. "చూశావా? పబ్లిషరు వాళ్ళ పేజీలో గొడుగు బొమ్మ పెట్టారు. అర్థమైందా?"

"వాళ్ళ ఊళ్ళో వాన పడుతోందేమో మావయ్యా."

"ఆశ లేని మొహాలకి గొడుగు గొడుగులానే కనిపిస్తుంది" అని విసవిసా వెళ్ళిపోయాడు.

ఇంతకీ ఆ కథ ఏమిటంటే, ఓ రేవు పట్టణంలో గొడుగులు బాగుచేసే కొట్టు. కింద కొట్టు, మేడ మీద కాపురం. నడిపేది అరవై దాటిన మొగుడూ పెళ్ళాలు. వాళ్ళు పోట్లాడుకుంటారు, గొడుగు పుల్లలు సరిచేస్తారు, వాన కోసం చూస్తారు. అంతే. మావయ్య దాన్ని జపాను నుంచే తెప్పించుకునేవాడు, ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. ఆయనకి జపాను భాషలో ఒక్క అక్షరం రాదు. బొమ్మలు చూసి కథ చెప్పేస్తాడు, అదీ ఎంత ధీమాగా చెబుతాడంటే రాసినవాడు వింటే నిజమే కాబోలు అనుకోవాలి.

ఆ కథ వినేది ఒక్కరే, అక్కగారు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బావగారు పోయాక ఆవిడ మాట్లాడటం మానేసింది. కూతురు అడిగితే తిన్నానంటుంది, గిన్నె చూస్తే అన్నం అలాగే ఉంటుంది. బంధువులు వచ్చి ఓదార్చారు, మందలించారు, వెళ్ళిపోయారు. మావయ్య మాత్రం ఓ ఆదివారం చంకలో పుస్తకంతో వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని, వెనక అట్ట నుంచి తెరిచాడు. ఆ పుస్తకాలు వెనకనుంచే మొదలవుతాయి.

"తిరగేసి పట్టుకున్నావురా" అంది ఆవిడ. చాలా రోజుల తర్వాత ఆవిడ అన్న మొదటి మాట అదే.

"సరిగ్గానే పట్టుకున్నానక్కా. నువ్వు బొమ్మ చూడు."

బొమ్మలో గొడుగుల కొట్టాయన కళ్ళజోడు కోసం కొట్టంతా తిరగేస్తున్నాడు. అది నుదుటి మీదే ఉంది. బట్టతల, చిన్న బొజ్జ. అక్కగారు ముందుకి వంగి చూసింది.

"అచ్చం మీ బావలా లేడూ?" అంది, ఫక్కున నవ్వింది. వంటింట్లో ఉన్న కూతురు ఆ నవ్వు విని గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు గొడుగుల కొట్టుకి రాసిచ్చేశారు. ఆవిడ అన్నం తినసాగింది. మావయ్య అసలు కోరికల్లా, తన వంకర కథ కాకుండా అక్క ఇంగ్లీషులో అసలు కథ చదువుకోవాలని. వచ్చేస్తుంది, వచ్చేస్తుంది అని వీధిని ఊదరగొట్టింది అందుకే.

మూడో పుస్తకం వచ్చాక చదివే తీరు కొంచెం మారింది. మావయ్య బల్లకి అవతల కూర్చుని పుస్తకం తనవైపే పట్టుకునేవాడు. ఉన్నట్టుండి నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేవాడు.

"అదేంట్రా, అన్ని తిప్పేశావ్?"

"అంటుకుపోయాయక్కా. తేమకి."

ఆ పుస్తకం నుంచి గొడుగుల కొట్టాయన కొట్లో కనిపించడం మానేశాడు.

"ఆయనేడి? ఆవిడొక్కతే కూర్చుందేం?"

"మేడ మీదున్నాడు."

"ఇందాకా మేడ మీదే అన్నావు."

"దిగాడు, మళ్ళీ ఎక్కాడు."

"ఆ నల్లబట్టలేమిటి అందరికీ?"

"అక్కడ ఆ ఏడు అదే ఫ్యాషను."

"గోడకి ఆయన ఫోటో, దానికి పూలూ!"

"పుట్టినరోజక్కా. ముచ్చటపడి తీయించుకున్నాడు. పద పద, కథ ముందుకి పోనీ."

నాలుగో పుస్తకంలో ఆయన గొడుగు ఇచ్చిరావడానికి పక్కవీధికి వెళ్ళాడు. ఐదోదాంట్లో తలుపు వెనక నిలబడి ఉన్నాడు. మిగిలిన సమయమంతా మేడ మీదే. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అన్నిసార్లు మెట్లెక్కడం ఆ కథలోనే చెల్లింది. పిచ్చి మావయ్య చేసే పిచ్చి పనుల్లో ఇదొకటని మేనకోడలు పట్టించుకోలేదు. నోట్లో ముద్దతో ఉన్న రోగుల్ని ఆయన కొంతకాలంగా వదిలేశాడని డాక్టరమ్మ చెప్పినా పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే షాపుకి కబురొచ్చింది. గొడుగుల కథ ఇంగ్లీషులో వస్తోంది! మేనకోడలు అప్పటికప్పుడే ఆసుపత్రికి పరిగెత్తింది.

"మావయ్యా! వచ్చేసింది!"

ఆయన చేతిలోని కింది వరస పళ్ళు నేల మీద పడ్డాయి. మొహం సుద్దముద్దలా పాలిపోయింది. "ఎన్ని భాగాలు?" అన్నాడు.

"అన్నీనట! మొదటి మూడూ ఒక్కసారే వచ్చేస్తాయి."

"ఇప్పుడేం తొందరొచ్చిందే వాళ్ళకి?" అని స్టూలు మీద కూలబడ్డాడు. డాక్టరమ్మ వచ్చి ఆయన నాడి చూసింది.

పుస్తకాలు షాపుకి వచ్చిన రోజు తలుపు తీయకముందే మావయ్య మెట్ల మీద ఉన్నాడు. షాపులో ఉన్న మూడో భాగం కాపీలన్నీ కౌంటరు మీద గుట్ట పోసి, "ఇవన్నీ నాకు కట్టిచ్చెయ్" అన్నాడు.

"ఎందుకూ?"

"మీ అమ్మ అడిగితే లేవని చెప్పు. ఎప్పటికీ రావని చెప్పు."

మేనకోడలికి చిర్రెత్తింది. "ఇన్నేళ్ళూ వస్తుంది వస్తుందని మా ప్రాణాలు తోడేశావు. తీరా వస్తే దాచమంటావా? నీకు నిజంగానే మతి పోయిందా?"

మావయ్య పుస్తకం తెరిచి, వేలితో పేజీ చూపించాడు. గొడుగుల కొట్టు షట్టరు మూసి ఉంది. ముందర నల్లబట్టల్లో జనం. పక్క పేజీలో ముసలావిడ, చేతిలో ఆయన కళ్ళజోడు. కింద ఇంగ్లీషులో స్పష్టంగా రాసుంది, ఆయన పోయాడని.

"అచ్చం మీ బావలా లేడూ అని నవ్విందే మీ అమ్మ" అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి. "ఆయన్ని రెండోసారి నా నోటితో చంపమంటావా?"

మేనకోడలికి అంటుకుపోయిన పేజీలూ, మేడ మెట్లూ, ఆ ఏడు ఫ్యాషనూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వొచ్చింది. పుస్తకాలన్నీ తీసి కౌంటరు కింద పెట్టింది.

"మొదటి రెండూ ఇచ్చి ఊరుకుందాం మావయ్యా. మూడోది దారిలో తప్పిపోయిందని చెబుతా."

ఆ ఆదివారం ఇద్దరూ అబద్ధాన్ని దారి పొడుగునా వల్లె వేసుకుంటూ ఇంటికి వెళ్ళారు. అక్కగారు కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో మూడో భాగం, చేతిలో ఎర్ర పెన్ను. పిల్లల పేపర్లు దిద్దిన కాలం నాటి పెన్ను.

"అమ్మా, అది నీకెక్కడిదీ?"

"మొన్న మీ షాపుకి ఫోను చేసి అడిగితే నంగి నంగిగా మాట్లాడావు. ఎదురు షాపులో కొనుక్కున్నా."

మావయ్య సంచీని గుండెకి హత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నువ్వు చెప్పినదానికీ దీనికీ చాలా తేడా ఉందిరా" అంది అక్కగారు, తలెత్తకుండా.

"ఎక్కడక్కా?"

"ఇక్కడ. ఆయన పోయాడని రాశారు."

మావయ్య ఏదో అనబోయాడు. గొంతులోంచి రోగుల "ఊఁ" లాంటిదే వచ్చింది.

అక్కగారు ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో నిదానంగా గీత కొట్టింది. పక్కన "తప్పు" అని రాసింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఈ ఇంగ్లీషు చేసినవాళ్ళెవరో గానీ, వాళ్ళకి జపాను భాష సరిగ్గా వచ్చినట్టు లేదు. నేను ఇంగ్లీషు చెప్పినదాన్ని, నాకు తెలీదూ? నువ్వు చదివిందే సరైంది."

మావయ్య అక్క వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. ఆ కుర్చీ తనది కాదన్నట్టు మెల్లగా వచ్చి అంచున కూర్చున్నాడు.

"కొత్త భాగం వచ్చిందన్నావు, తెచ్చావా?"

"తెచ్చానక్కా. జపానుదే."

"అదే కావాలి. చదువు. ఈసారి ఇటు తిప్పి పట్టుకో, బొమ్మలు నాకూ కనపడాలి."

మావయ్య పుస్తకం వెనక అట్ట నుంచి తెరిచి, ఆవిడ వైపు తిప్పాడు. వాన పడుతోంది. కొట్లో ముసలావిడ ఒక్కతే కూర్చుని, ఎవరిదో విరిగిన గొడుగు సరిచేస్తోంది.

"ఆయనేడి?" అంది అక్కగారు.

"మేడ మీదున్నాడక్కా."

"ఏం చేస్తున్నాడు?"

మావయ్య బొమ్మలోకి తేరిపార చూశాడు, అక్షరాలన్నీ అర్థమైనవాడిలా.

"కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు."

"నుదుటి మీదే ఉందని చెప్పు" అంది అక్కగారు.