గుర్రం కంటే ముందు మా బాబాయి

గుర్రం నోట్లోకి వెళ్ళేది ఏదైనా ముందు మా బాబాయి నోట్లోకి వెళ్ళాల్సిందే. ఈ ఒక్క గుణం తీసేస్తే ఆయనంత మామూలు మనిషి ఇంకొకడు ఉండడు. తీసేయడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

గుర్రాలను చేరవేసే లారీ నడిపి నడిపి నడుము పడిపోయాక, ఆయనా మా పిన్నీ ఓ రేకుల షెడ్డులో గుర్రాల బలం పొడి తయారీ మొదలుపెట్టారు. అవిసె పిండి, మెంతులు, ఎండు క్యారెట్, బెల్లం. మందులూ మాకులూ ఏమీ కలపని సరుకు. కలపడం పిన్ని పని, సంచులు కుట్టడం నా పని, తినడం బాబాయి పని.

ఈ అలవాటు మొదట్లో లేదు. పిన్ని జ్వరపడి లేచిన రోజుల్లో పట్టుకుంది. అప్పట్లో షెడ్డు పని, వంట పని రెండూ ఆయనే చూసుకున్నాడు కనక, రుచి మరిగాడని మా అందరి అభిప్రాయం.

ఓసారి కడుపునొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"పొద్దున ఏం తిన్నారు?"

"గుర్రం దాణా."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. "అయితే మీరు రావాల్సింది ఈ ఆస్పత్రికి కాదు."

బాబాయి ఏమీ నొచ్చుకోలేదు. "మెంతులు ఎక్కువైనట్టున్నాయి. నేను కాబట్టి చెప్పుకున్నాను, గుర్రం ఎవరికి చెప్పుకుంటుంది?" అంటూ వచ్చి, ఆ కలిపిన సరుకంతా పారబోయించాడు.

ఇంట్లోనూ అదే వరస. పిల్లలు ఆకలి అని గోల పెడుతున్నా ముందు ఆయన కంచంలో పడాలి. "ఏరికోరి తిండిపోతుని కట్టుకున్నాను," అని పిన్ని సాధించేది. ఓ రోజు కూర గిన్నె అంతా ఒక్కడే ఊడ్చేసి మాకు ఉత్త రొట్టెలు మిగిల్చాడు. ఆ పూటంతా పిన్ని ఆయనతో మాట్లాడలేదు.

వ్యాపారం మాత్రం నత్తనడక నడిచింది. షెడ్డు యజమాని ఈ నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. షెడ్డు పోతే పొడి లేదు, పొడి లేకపోతే బాబాయి ఆ విరిగిన నడుముతో మళ్ళీ లారీ ఎక్కాలి. సరిగ్గా అప్పుడు పెద్ద గుర్రపుశాల ట్రైనరమ్మ ఓ గోధుమరంగు ఆడగుర్రాన్ని వెంటపెట్టుకుని వచ్చింది. జలుబు చేసి లేచిన గుర్రం, మేత ముట్టడం లేదు.

"ఇది తింటే మా శాల మొత్తానికీ మీ పొడే," అంది. "ఒక్క షరతు. మీ ఆయన ప్రతిదీ నోట్లో వేసుకుంటారట. జబ్బు గుర్రం. ఇవాళ మనిషి ఎంగిలి తగలకూడదు."

బాబాయి మొహం పాలిపోయింది. "పక్కన కొంచెం తీసి…"

"అదీ కుదరదండీ."

పిన్ని లోపల ఓ డబ్బా మూత తీసి కలపడం మొదలుపెట్టింది. ట్రైనరమ్మ గుమ్మంలో గుర్రం తాడు పట్టుకుంది, నేను నీళ్ళ బాల్చీ పట్టుకున్నాను. బాబాయి కాలుకాలిన పిల్లిలా ఇటూ అటూ తిరుగుతున్నాడు. జబ్బుపడ్డ గుర్రం ఒకసారి ఏవగించుకున్నదాని వంక మళ్ళీ చూడదు. రెండోసారి పెట్టి చూద్దామంటే వీలుపడదు.

పిన్ని బేసిన్ తెచ్చింది. గుర్రం మెడ చాచింది. అంతే, బాబాయి మధ్యలోకి దూకి గుప్పెడు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

మా కొంప మునిగింది అనుకున్నాను.

ఆయన మొహం వికారంగా మారింది. బేసిన్ లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. "ఇది వద్దండీ. తప్పు నాది. పాత డబ్బా నేనే అందించాను."

ట్రైనరమ్మ కోపంగా దగ్గరికొచ్చి ముక్కు మూసుకుంది. "పిండి ముక్కిపోయింది. ఇంత కంపు కొడుతుంటే కలిపిన ఆవిడకి తెలియలేదా?"

"ఆవిడనేం అడుగుతారు? డబ్బా ఇచ్చింది నేనని చెప్తున్నాగా," అని బాబాయి అడ్డం నిలబడ్డాడు.

పిన్ని ఆయన్ని పక్కకి జరిపింది. "ఆయన ఇవ్వలేదండీ, నేనే తీశాను. జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు వాసనా తెలీదు, రుచీ తెలీదు."

బాబాయి నోరు తెరిచేశాడు. "ఆ సంగతి నీకు తెలుసా?"

"నా ముక్కు సంగతి నాకు తెలియక పక్కింటావిడకి తెలుస్తుందా?"

"మరి ఒక్క ముక్క చెప్పలేదే?"

"నాకు తెలియకూడదని మీరంత అవస్థ పడుతుంటే ఎలా చెప్పమంటారు?"

ఆ కూర గిన్నె అప్పుడు గుర్తొచ్చింది నాకు. పులిసిపోయిన కూరన్నమాట. బాబాయి ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

పిన్ని ఇంకో డబ్బా తెరిచి మళ్ళీ కలిపింది. ఎవరూ అడక్కుండానే జేబులోంచి చెంచా తీసి ఆయన చేతికిచ్చింది. రోజూ తిడుతూనే ఆ చెంచా జేబులో సిద్ధంగా పెట్టుకునేదని అప్పుడే తెలిసింది. ట్రైనరమ్మ నిట్టూర్చింది. "కానివ్వండి. ఆ చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టకండి, చాలు."

బాబాయి కళ్ళు మూసుకుని నమిలాడు. "బెల్లం ఇంకో పిసరు," అన్నాడు.

గుర్రం మూతి పెట్టింది. బుస్సుమంది. వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టి, ఇక తల ఎత్తకుండా బేసిన్ అడుగు దాకా నాకేసింది. ట్రైనరమ్మ శాల మొత్తానికీ పొడి పంపమని చెప్పింది, ప్రతి సంచీ ఆయన రుచి చూశాకే రావాలన్న షరతు మీద.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పిన్ని మామూలుగానే ముందు ఆయనకి వడ్డించి, "ఎలా ఉంది?" అంది.

బాబాయి మా వంక చూసి ధైర్యం తెచ్చుకుని, మొదటిసారి నిజం చెప్పాడు. "ఉప్పు ఎక్కువైంది."

"అయితే రేపటి నుంచి వంట మీరే చెయ్యండి. నేను గుర్రాలకి కలుపుకుంటాను. అవైతే నోరెత్తవు."