తర్పణపు వరుసలో నేను చెప్పని రకం

మనిషికి మాటను ప్రసాదించిన శారదకు మ్రొక్కి, పితృదేవతలను తలచి ఈ నాలుగు వాక్యాలు వ్రాస్తున్నాను. శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, భాద్రపద బహుళ ఏకాదశి, సౌమ్యవాసరం. స్థలం మార్కాపురం, మా ఇంటి ముందరి వసారా.

నా భార్య గతించి ఏడాది దాటింది. సంవత్సరీకం ముగిసిన పిమ్మట వచ్చిన మొదటి మహాలయపక్షం ఇది. దుఃఖమని పేరు పెట్టదగినదేదీ నాలో కదలడం లేదు. కాఫీ కాచుకుంటాను, పంచాంగం చూసుకుంటాను, ఎవరైనా పిలిస్తే పలుకుతాను. అమావాస్యనాడు ఆమెకు తిలోదకం విడవాలన్నది మాత్రం తెలుస్తున్నది. ఇంట్లో ఒక్కడినే కూర్చుని తర్పణపు వరుస పలికే ఓపిక నాకు లేదు. అందుకని పెద్దదోర్నాల సత్రంలో కూర్చుని, అక్కడి పురోహితుడు చెప్పింది చెప్పినట్లు తిరిగి పలుకుదామని నిశ్చయించుకున్నాను.

ఆ సత్రానికి మా తమ్ముని కుమార్తె ఒక వెబ్ సర్వీసు తయారుచేస్తున్నది. శ్రీశైలం పోయే యాత్రికులు తమ ఫోనులో గతించినవారి పేర్లు, గోత్రం నింపితే, అవి పురోహితుని ఎదుట తెరమీదికి రావాలి. ఆయన చూసి పలికిస్తాడు. మొదటిసారి ఆమె అందరినీ ‘బంధువు’ అన్న ఒకే రకం కింద పంపింది. పేర్లన్నీ చేరాయి. మరుక్షణమే పురోహితుని ఫోను కూడా వచ్చింది.

“ఏందమ్మాయ్ ఇది? తాతా బంధువే, మేనత్తా బంధువే! ఎవరికి ఏ రూపం చెప్పాల? ఎవరికి ఎన్నిసార్లు ఇడవాల? నా కొలువు పోగొట్టేటట్టు ఉండావే!”

ఆయన అడిగింది న్యాయమే. తర్పణంలో ఉత్త పేరుకు నీళ్లు విడవరు. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. కొందరికి ముమ్మారు, కొందరికి ఒక్కమారు. రకం తెలియకపోతే పేరు ఉండీ ప్రయోజనం లేదు.

అందుచేత నిన్న ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చెబుతూ పోయాను: పితృవర్గం, మాతృవర్గం, మాతామహులు, మాతామహీ వర్గం, కుమారులు, సోదరులు, పినతండ్రులు, మేనమామలు, గురువు, ఇతరులు. ఆమె ఒక్కొక్కదానికి ఒక్కొక్క రకం కట్టుకుంది. యాభై ఏళ్లుగా పలికిన వరుస గనుక ఆలోచించకుండానే వచ్చింది.

ఈ ఉదయం మా ఇంటి పేర్లతోనే పరీక్షించింది. తెరమీద ఒక్క పేరూ రాలేదు. ఏదో తప్పు జరిగిందని ఎర్ర అక్షరాల వాక్యం ఒకటి మాత్రం కనిపించింది.

“నిన్న మా నాయన, తాతల పేర్లు ఏసి చూస్తే అందరూ వచ్చినారు గదమ్మా?” అన్నాను.

“వచ్చినారు పెద్దనాయనా. దీంతో చిక్కేందంటే, ఏయే రకాలు వస్తాయో ముందే చెప్పి పెట్టాల. చెప్పని రకం ఒక్కటి లోపలికి దూరిందా, ఆ ఒక్కరినే కాదు, మొత్తం అందరినీ ఆపేస్తాది. మీ పెళ్లిళ్లలో అలిగిన మేనమామ మాదిరి!”

“చెప్పని రకం ఎవరిది?”

ఆమె కీబోర్డు మీది దుమ్ము వేలితో తుడిచింది.

“పెద్దమ్మది. భార్య అని నేనే ఏసినా. నువ్వు చెప్పినవాటిలో ఆ రకం లేదు.”

మాతామహీ వర్గం తరువాత పలకవలసినది ఆత్మపత్ని, అంటే తన భార్య. నేను దానిని దాటి కుమారుల దగ్గరికి పోయాను. ఇన్నేళ్లూ అట్లాగే దాటాను. అప్పుడు నా భార్య బ్రతికి ఉంది, వంటింట్లో పిండాలకు అన్నం వార్చేది. దాటడమే సరియైన పద్ధతిగా ఉండేది. నాలుకకు ఆ పద్ధతి ఇంకా మారలేదు.

“‘ఇతరులు’ అని ఉంది గదా పెద్దనాయనా, దాంట్లో ఏస్తే ఇప్పుడే వచ్చేస్తాది. సాయంత్రానికి సత్రంవాళ్లకు ఇచ్చేయాల. తర్వాత మార్చుకోవచ్చు.”

ఇతరులలో వేస్తే నా భార్య పేరు వస్తుంది. మేనమామలూ గురువూ అందరూ అయిన పిమ్మట, ఎవరో ఒకరుగా, చివరన వస్తుంది. అమావాస్యకు పురోహితుడు అదే పలుకుతాడు, నేనూ అదే పలుకుతాను. నన్ను నేను ఎరుగుదును; ఆనాడు దిద్దే శక్తి నాకు ఉండదు.

“వద్దు తల్లీ. కొత్త రకం పెట్టు. ఆత్మపత్ని. మాతామహీ వర్గానికి తరువాత, కుమారులకు ముందు.”

“రూపం?”

“వసురూపం.”

“ఎన్నిసార్లు?”

“ఒకసారి.”

ఆమె చేతులు ఆగాయి. “అమ్మకు, నాయనమ్మకు మూడు చెప్తివే. పెద్దమ్మకు ఒకటేనా?”

“శాస్త్రం అంతే.”

“ఏం శాస్త్రమో ఏమో. నీకు మూడు పూటలా వండి పెట్టింది ఆమె గదా,” అని గొణుక్కుంటూనే ఒకటి అని కొట్టింది.

యాత్రికుల ఫోను వైపు, పురోహితుని తెర వైపు, రెండుచోట్లా ఆ రకాన్ని చేర్చి మళ్లీ నడిపింది. ఈసారి అందరూ వచ్చారు, ఎవరి వర్గంలో వారు. “సూడు, సరిగ్గా ఉందేమో,” అంది. చూశాను. సరిగానే ఉంది. ఆమె తన ల్యాప్‌టాప్ మూసుకుని ఇంటికి పోయింది. నేను లేచి స్నానానికి నీళ్లు పెట్టుకున్నాను.

భాద్రపద బహుళ అమావాస్య, ఆదివారం: పెద్దదోర్నాల సత్రంలో తర్పణం జరిగింది. నా భార్య పేరు ఆత్మపత్నీ స్థానంలో వచ్చింది. పురోహితుడు పలికాడు, నేను పలికి నీళ్లు విడిచాను. మధ్యాహ్నం బస్సుకు మార్కాపురం చేరాను.